సెలైన్ సీసాకు ముందు లెక్క: పశువైద్యంలో ద్రవ చికిత్స, అత్యవసర మందుల వాడకం

కుక్క వాంతులు చేసుకుంటోందని తెచ్చినా, పిల్లి నాలుగు రోజులుగా తినడం లేదని తెచ్చినా, గేదె లేవలేకపోతోందని ఫోన్ చేసినా, హైదరాబాదు యజమానులు ముందుగా అడిగేది ఒక్కటే: “డాక్టర్ గారూ, ఒక సెలైన్ ఎక్కించరాదూ?” వారు అడగడంలో తప్పు లేదు. తప్పు మన వైపే ఉంది. మనలో చాలామందిమి ద్రవాన్ని సీసాల లెక్కన ఆలోచిస్తామే తప్ప కిలోల లెక్కన ఆలోచించం. ద్రవం కూడా మందే. దానికీ మోతాదు ఉంది, వేగం ఉంది, పడని సందర్భం ఉంది, ఎక్కువైతే ప్రాణం తీసే గుణమూ ఉంది.

ఈ మార్గదర్శి కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన పశువైద్యులకు, వారి దగ్గర పనిచేసే సహాయకులకు ఉద్దేశించినది. యజమానులు చదివితే తమ జంతువుకు ఏం జరుగుతోందో అర్థమవుతుంది. అయితే సిరలోకి ద్రవం గానీ మందు గానీ ఎక్కించే పనిని ఇంట్లో ప్రయత్నించరాదు.

మొదటి మెట్టు: తూకం, ఆ తర్వాత చేత్తో పరీక్ష

జంతువును తూచకుండా లెక్క మొదలుకాదు. కుక్కను ఎత్తుకొని మనిషి బరువు తూచే యంత్రం మీద నిలబడి, తర్వాత ఒంటరిగా నిలబడి, తేడా తీసుకున్నా సరిపోతుంది. 4 కిలోల పిల్లను చూసి 6 కిలోలని అంచనా వేస్తే, ఆ తప్పు అక్కడి నుంచి ప్రతి లెక్కలోకీ చేరుతుంది.

తర్వాత నిర్జలీకరణ శాతం అంచనా వేయాలి. శరీర బరువులో 5 శాతం లోపు నీరు పోతే పైకి ఏమీ కనిపించదు. వాంతులు, విరేచనాలు అయ్యాయన్న చరిత్రే ఆధారం. 6 నుంచి 8 శాతం పోతే భుజాల మీద చర్మాన్ని పైకి లాగి వదిలినప్పుడు అది నెమ్మదిగా వెనక్కు వెళ్తుంది, చిగుళ్ళు వేలికి జిగటగా తగులుతాయి. 10 నుంచి 12 శాతానికి చేరితే లాగిన చర్మం మడతలాగే నిలబడిపోతుంది, కళ్ళు లోపలికి పోతాయి, చిగురును నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్ల కంటే ఎక్కువ పడుతుంది. అది దాటితే షాక్ (రక్త ప్రసరణ కుప్పకూలడం), ఆపై మరణం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: బక్కచిక్కిన ముసలి కుక్క చర్మం నీరు సరిగ్గా ఉన్నా సాగినట్లే ఉంటుంది, బొద్దు కుక్క చర్మం నీరు పోయినా వెంటనే వెనక్కు వెళ్తుంది. అందుకే చర్మం ఒక్కదాన్నే నమ్మకుండా చిగుళ్ళు, కళ్ళు, నాడి, కాళ్ళ చల్లదనం కలిపి చూడాలి. గేదెలో, దూడలో కంటిగుడ్డుకూ కనురెప్పకూ మధ్య ఏర్పడే ఖాళీ చర్మం కంటే నమ్మదగిన గుర్తు.

రెండో మెట్టు: ఏ ద్రవం?

మన దగ్గర బీరువాలో ఉండేవి నాలుగైదు రకాలే: రింగర్స్ లాక్టేట్, నార్మల్ సెలైన్, డీఎన్ఎస్ (5 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, కలిసిన నార్మల్ సెలైన్), 5 శాతం డెక్స్‌ట్రోజ్, 25 శాతం డెక్స్‌ట్రోజ్. వాంతులు, విరేచనాలు, రక్తస్రావం, షాక్ వంటి చాలా సందర్భాల్లో మొదట చెయ్యి వెళ్ళవలసింది రింగర్స్ లాక్టేట్ వైపు. 1880లలో లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెను కొట్టుకొనేట్లు ఉంచగల లవణాల మిశ్రమం కనుక్కుంటే, 1930లలో అమెరికా పిల్లల వైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్ దానికి లాక్టేట్ చేర్చాడు. కాలేయం దాన్ని బైకార్బొనేట్‌గా మార్చి రక్తంలోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది. లీటరులో సోడియం 130, పొటాషియం 4, క్లోరైడ్ 109 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండడం వల్ల ఇది రక్తంలోని ద్రవానికి దగ్గరగా ఉంటుంది. నార్మల్ సెలైన్‌లో సోడియం, క్లోరైడ్ రెండూ 154 చొప్పున ఉంటాయి కాబట్టి, పదేపదే వాంతి చేసుకొని కడుపులోని ఆమ్లాన్ని పోగొట్టుకున్న జంతువుకు అది మేలు. అందరికీ అదే పెట్టడం సరికాదు.

రింగర్స్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుంది. అందువల్ల రక్తం ఎక్కించే గొట్టంలోకి దాన్ని పంపరాదు, సోడియం బైకార్బొనేట్‌ను గానీ సెఫ్‌ట్రయాక్సోన్‌ను గానీ దానిలో కలపరాదు.

మన ఊళ్ళో అతిగా వాడబడే ద్రవం డీఎన్ఎస్ అని నా అభిప్రాయం. “గ్లూకోజ్ పెడితే బలం వస్తుంది” అన్న నమ్మకం యజమానులదే కాదు, మనదీ. లెక్క చూడండి: 500 మి.లీ. డీఎన్ఎస్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, అంటే 100 కిలో క్యాలరీలకు మించదు. కదలకుండా పడుకున్న 10 కిలోల కుక్కకు రోజుకు కావలసినవి సుమారు 400. అది ఆహారానికి బదులు కాదు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ సంగతి ఇంకా స్పష్టం: గ్లూకోజ్ ఖర్చు కాగానే మిగిలేది ఉత్త నీరు, అది రక్తనాళాల్లో నిలవదు, కాబట్టి షాక్‌లో దానికి చోటు లేదు. చర్మం కిందికి అసలే ఇవ్వరాదు. రక్తంలో చక్కెర నిజంగా పడిపోయిందని గ్లూకోమీటర్ చెప్పినప్పుడు మాత్రం, 25 శాతం డెక్స్‌ట్రోజ్‌ను కిలోకు 1 నుంచి 2 మి.లీ. చొప్పున, అంతే పరిమాణం సెలైన్‌తో పలుచన చేసి, సిరలోకి నెమ్మదిగా ఇవ్వాలి.

మూడో మెట్టు: దారి

తన కాళ్ళ మీద నడిచి వచ్చిన కుక్కకు, కొద్దిపాటి నీరసమే ఉన్న పిల్లికి చర్మం కింద రింగర్స్ లాక్టేట్, ఒక్కో చోట కిలోకు 10 నుంచి 20 మి.లీ. వరకు, సరిపోతుంది. షాక్‌లో ఉన్న జంతువుకు ఆ దారి పనికిరాదు, ఎందుకంటే చర్మానికి వెళ్ళే రక్తనాళాలు అప్పటికే ముడుచుకుపోయి ఉంటాయి, ఇచ్చిన ద్రవం సంచిలాగా వేలాడుతూ అక్కడే ఉండిపోతుంది.

సిరకు ముంగాలి మీది సిర మొదటి ఎంపిక. పిల్లులకు, చిన్న కుక్కపిల్లలకు పసుపు రంగు 24 గేజ్ లేదా నీలం రంగు 22 గేజ్, మధ్యరకం కుక్కలకు గులాబీ 20, పెద్ద కుక్కలకు ఆకుపచ్చ 18 గేజ్ క్యాన్యులా సరిపోతాయి. షాక్‌లో వేగాన్ని నిర్ణయించేది క్యాన్యులా లావు, పొట్టిదనం. సన్నని గొట్టం పెట్టి సీసాను ఎంత ఎత్తుకు కట్టినా ఫలితం స్వల్పమే. సిర దొరకని పసికూనలకు తొడ ఎముక పైకొన నుంచి మజ్జలోకి సూది దించితే సిరలోకి ఇచ్చే దాదాపు అన్ని మందులూ, ద్రవాలూ ఆ దారినే వెళ్తాయి. ఐదు నిమిషాలు సిర కోసం వెతికి ఓడిపోయాక ఇది గుర్తురావడం కాదు, రెండు ప్రయత్నాలకే ఆ నిర్ణయం తీసుకోవాలి.

నాలుగో మెట్టు: లెక్క

ఒక ఉదాహరణను చివరి దాకా చేసి చూపిస్తాను. టీకాలు వేయించని మూడు నెలల కుక్కపిల్ల, 4 కిలోలు, రెండు రోజులుగా వాంతులు, రక్త విరేచనాలు, పార్వో (పేగులను దెబ్బతీసే వైరస్) పరీక్షలో గీత పడింది. చర్మం, చిగుళ్ళు చూస్తే నిర్జలీకరణ 8 శాతం.

పోయిన నీరు: 4 కిలోలను 8 శాతంతో గుణిస్తే 0.32 లీటరు, అంటే 320 మి.లీ. రోజువారీ అవసరం కిలోకు 60 మి.లీ. చొప్పున 240 మి.లీ. ఇకపై కూడా వాంతులు, విరేచనాల్లో పోతుందని వేసుకునేది 100 మి.లీ. నాడి బలహీనంగా ఉంది కాబట్టి మొదట కిలోకు 15 మి.లీ. చొప్పున 60 మి.లీ. పదిహేను, ఇరవై నిమిషాల్లో ఇచ్చాం. లోటులో మిగిలింది 260 మి.లీ.; దాన్ని 12 గంటల్లో పూడిస్తే గంటకు సుమారు 22 మి.లీ. రోజువారీ అవసరం, కొనసాగే నష్టం కలిపి 340 మి.లీ.ను 24 గంటలకు పంచితే గంటకు సుమారు 14. రెండూ కలిపి గంటకు 36 మి.లీ. తొలి 12 గంటలు ఈ వేగం. ఆ తర్వాత 14కు దించి, కొత్తగా ఎంత పోతే అంత కలపాలి.

మైక్రో డ్రిప్ సెట్‌లో మిల్లీలీటరుకు 60 చుక్కలు. అందువల్ల గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు: ఇక్కడ 36, అంటే పది సెకన్లకు 6. గడియారం చూస్తూ పది సెకన్లు లెక్కపెడితే చాలు. మన దగ్గర దొరికే మామూలు సెట్లలో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 20 చుక్కలవి, అయినా కవరు మీద చూసి నిర్ధారించుకోవాలి. నా తొలినాళ్ళలో పనిచేసిన చోట ఒక రాత్రి సెట్ మూసుకుపోతే సహాయకుడు మామూలు సెట్ మార్చి, కాగితం మీద ఉన్న 36 చుక్కలనే మళ్ళీ పెట్టాడు. గంటకు 36 మి.లీ. వెళ్ళవలసిన చోట 108 మి.లీ. వెళ్ళాయి. రెండు గంటల తర్వాత చూసేసరికి పిల్ల ముక్కు నుంచి నీళ్ళలాంటి స్రావం కారుతోంది, ఊపిరి వేగం రెట్టింపయింది. ఆ పిల్ల బతికింది, కానీ అప్పటి నుంచి నేను కాగితం మీద చుక్కలతో పాటు “గంటకు ఇన్ని మి.లీ.” అని కూడా రాస్తాను.

పార్వోలో పొటాషియం పడిపోతుంది. 15 శాతం పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌లో మిల్లీలీటరుకు 2 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి; 500 మి.లీ. రింగర్స్ లాక్టేట్‌లో 5 మి.లీ. కలిపితే లీటరుకు 20 చొప్పున చేరినట్లు. పై వేగంతో మన పిల్లకు గంటకు కిలోకు 0.18 మిల్లీ ఈక్వివలెంట్లు అందుతాయి. 0.5 అన్నది దాటరాని గీత. కలిపిన సీసాను అనేకసార్లు తలకిందులు చేసి కలియబెట్టాలి, లేకపోతే పొటాషియం అడుగుకు చేరి మొదటి కొద్ది నిమిషాల్లోనే గుండెను తాకుతుంది. సీసా మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలతో రాయాలి. తర్వాత మళ్ళీ షాక్ వచ్చి వేగంగా ఎక్కించవలసి వస్తే ఆ సీసాను ముట్టుకోకుండా వేరేది తగిలించాలి.

షాక్‌లో

పాత పుస్తకాల్లో కుక్కకు కిలోకు 90 మి.లీ., పిల్లికి సుమారు 50 మి.లీ. అని షాక్ మోతాదు కనిపిస్తుంది. అది మొత్తం రక్త పరిమాణానికి దగ్గరి అంకె, ఒకేసారి గుమ్మరించవలసిన మోతాదు కాదు. కుక్కకు కిలోకు 15 నుంచి 20 మి.లీ., పిల్లికి 5 నుంచి 10 మి.లీ., పదిహేను ఇరవై నిమిషాల్లో ఇచ్చి, నాడి, చిగుళ్ళు, గుండె వేగం మళ్ళీ చూసి, అవసరమైతే ఇంకొకటి ఇవ్వాలి. షాక్‌లో ఉన్న పిల్లి కుక్కలా గుండె దడదడలాడించదు. గుండె నెమ్మదిస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది, రక్తపోటు పడిపోతుంది. దాన్ని వెచ్చబరచకుండా ద్రవం మీద ద్రవం పోస్తే, ఒంట్లో వేడి తిరిగి రాగానే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లో తేలుతుంది. గుండె జబ్బుతో ఊపిరాడక వచ్చిన జంతువుకు ద్రవం అసలే ఇవ్వరాదు. దానికి కావలసింది ఆక్సిజన్, ఒంట్లోని నీటిని మూత్రం ద్వారా దించే ఫ్యూరోసెమైడ్.

గేదెలు, ఆవులు: సీసాలతో తీరని దాహం

నగరం చుట్టూ ఉన్న తబేలాల్లో అలవాటుగా జరిగేది రెండు సీసాల డీఎన్ఎస్. 400 కిలోల గేదె 8 శాతం నీరు కోల్పోతే లోటు 32 లీటర్లు, అంటే 64 సీసాలు. రెండు సీసాలు యజమాని మనసుకే తప్ప గేదెకు అందవు. ఇక్కడ ఉపయోగపడేది 7.2 శాతం హైపర్‌టానిక్ సెలైన్: కిలోకు 4 నుంచి 5 మి.లీ., అంటే ఆ గేదెకు 1.6 నుంచి 2 లీటర్లు, మెడ సిరలోకి కొద్ది నిమిషాల్లోనే పంపి, వెంటనే 20 లీటర్ల నీటిని తాగించడం గానీ గొట్టం ద్వారా పొట్టలోకి పంపడం గానీ చేయాలి. ఆ 20 లీటర్లలో 140 గ్రాముల ఉప్పు, 30 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలపవచ్చు. గొట్టం శ్వాసనాళంలోకి పోలేదని నిర్ధారించుకున్నాకే నీళ్ళు పోయాలి. నీరు అందే దారి లేనప్పుడు హైపర్‌టానిక్ జోలికి పోరాదు.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఫంక్షన్ హాళ్ళ నుంచి మిగిలిన అన్నం తెచ్చి పోస్తే వచ్చే పొట్ట ఆమ్ల వ్యాధిది వేరే కథ. పొట్ట అప్పటికే ద్రవంతో నిండి ఉంటుంది కాబట్టి నోటి నుంచి ఇంకా నీరు పోయడం మేలు కాదు. రక్తంలోని ఆమ్లానికి లీటరు స్టెరైల్ నీటిలో 13 గ్రాముల సోడియం బైకార్బొనేట్ చొప్పున చేసిన 1.3 శాతం ద్రావణం సిరలోకి వెళ్ళాలి. తీవ్రమైన కేసులో పొట్ట ఖాళీ చేయడమే అసలు చికిత్స.

కాపలా

ఎక్కించడం మొదలైన తర్వాతే పని మొదలవుతుంది. రోజుకు రెండుసార్లు అదే తూకం మీద తూచాలి: ఒక కిలో పెరిగిందంటే ఒక లీటరు లోపల నిలిచిందని అర్థం. మూత్రం గంటకు కిలోకు 1 నుంచి 2 మి.లీ. రావాలి. ఊపిరి వేగం పెరగడం, నిలకడ లేకపోవడం, ముక్కు కారడం, కళ్ళ పొరలు ఉబ్బడం కనిపిస్తే సీసా ఆపి ఛాతీ వినాలి.

ఇక్కడ మన ఊరి చరిత్రలో ఒక ముక్క చెప్పుకోవాలి. 1888, 1889లలో నిజాం ధనసహాయంతో, వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చొరవతో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ మత్తు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి ఊపిరిని కనిపెడితే చాలని తేల్చాయి. 1911లో లెవీ అనే పరిశోధకుడు తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో ఉన్న పిల్లుల్లో, ముఖ్యంగా అడ్రినలిన్ ఇచ్చినప్పుడు, గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోతుందని చూపించాడు. కాబట్టి అత్యవసర మందు ఇచ్చే ప్రతిసారీ ఒక చెవి గుండె మీద ఉండాలి.

అత్యవసర మందుల ట్రే

ప్రాణం పోతున్న వేళ ఎవరికీ దశాంశ స్థానాలు సరిగ్గా తోచవు. అందుకే 5, 10, 20, 30 కిలోల బరువులకు మిల్లీలీటర్లలో లెక్కగట్టి గోడకు అంటించాలి. 10 కిలోల కుక్కకు లెక్క ఇలా ఉంటుంది. అడ్రినలిన్, మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ఉన్నది, కిలోకు 0.01 మి.గ్రా. చొప్పున 0.1 మి.లీ. అంత చిన్న కొలత చేయి వణికితే తప్పుతుంది కాబట్టి 1 మి.లీ. ఆంప్యూల్‌ను సెలైన్‌తో 10 మి.లీ. చేసి అందులో 1 మి.లీ. ఇవ్వాలి. అట్రోపిన్, మిల్లీలీటరుకు 0.6 మి.గ్రా. ఉన్నది, కిలోకు 0.04 మి.గ్రా. చొప్పున సుమారు 0.7 మి.లీ. డయాజెపామ్ కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున 1 మి.లీ. అడ్రినలిన్ కలవని 2 శాతం లిగ్నోకెయిన్ కిలోకు 2 మి.గ్రా. చొప్పున 1 మి.లీ., నెమ్మదిగా, ఇది కుక్క లెక్క, పిల్లికి ఇందులో పదో వంతే. ఫ్యూరోసెమైడ్ కిలోకు 2 మి.గ్రా. చొప్పున 2 మి.లీ.

గుండె ఆగినప్పుడు మందు కంటే చేతులు ముందు. పక్కకు పడుకోబెట్టి, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా నొక్కుతూ, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు నిమిషాలు ఆపకుండా చేయాలి. శ్వాసనాళంలో గొట్టం పెడితే నిమిషానికి 10 ఊపిర్లు. అడ్రినలిన్‌ను 3 నుంచి 5 నిమిషాలకు ఒకసారి, అంటే రెండు విడతలకు ఒకసారి ఇవ్వాలి. పది రెట్ల పెద్ద మోతాదును 2012 నాటి రికవర్ (జంతువుల్లో గుండె ఆగినప్పటి చికిత్స) మార్గదర్శకాలు చివరి అస్త్రంగా అనుమతించినా, 2024 సవరణ దాన్ని వద్దన్నది.

టీకా వేసిన కొద్ది నిమిషాలకు కుక్క కూలిపోతే మనవాళ్ళ చేతులు అలవాటుగా ఏవిల్ (అలర్జీ మందు), డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) వైపు వెళ్తాయి. అవి రెండో వరుస మందులు. ప్రాణం నిలిపేది కండలోకి కిలోకు 0.01 మి.గ్రా. అడ్రినలిన్, దానితో పాటు వేగంగా ద్రవం. మామూలు షాక్‌కు డెక్సామెథాసోన్ ఇవ్వడం ఎప్పుడో వదిలేయవలసిన అలవాటు. పార్వోలో దెబ్బతిన్న పేగుకు అది అదనపు హాని.

ఫిట్స్‌తో వచ్చిన కుక్కకు సిర దొరకకపోతే డయాజెపామ్‌ను కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. మలద్వారం గుండా ఇవ్వవచ్చు. దాన్ని సెలైన్ సీసాలో కలపరాదు: తెల్లగా విరిగిపోతుంది, ప్లాస్టిక్‌కూ అంటుకుపోతుంది. ఈనిన రెండు మూడు వారాలకు వణుకుతూ, బిగుసుకుపోతూ వచ్చిన చిన్నజాతి తల్లికుక్కకు మాత్రం మొదట ఆలోచించవలసింది కాల్షియం: 10 శాతం కాల్షియం గ్లూకోనేట్, కిలోకు 0.5 నుంచి 1.5 మి.లీ., 10 నుంచి 30 నిమిషాల్లో, స్టెతస్కోప్ తీయకుండా. గుండె నెమ్మదిస్తే ఆపాలి. ఆ రోజుకు పిల్లలను పాలు తాగనివ్వరాదు. గేదె పాల జ్వరానికి ఇచ్చే 450 మి.లీ. కాల్షియం సీసాకూ ఇదే నియమం. గోరువెచ్చగా చేసి, సీసాను మరీ ఎత్తుకు లేపకుండా, పది పదిహేను నిమిషాలకు తగ్గకుండా ఎక్కించాలి.

పిడుదులు పోవాలని పొలం పురుగుమందు పూయడం వల్ల వచ్చే ఆర్గానోఫాస్ఫేట్ విషంలో నోట చొంగ, కన్నీరు, విరేచనాలు, కంటిపాప సూదిమొనలా చిన్నబడడం కనిపిస్తాయి. అట్రోపిన్ ఇక్కడ కిలోకు 0.2 నుంచి 0.5 మి.గ్రా., నాలుగో వంతు సిరలోకి, మిగతాది చర్మం కిందికి. 10 కిలోల కుక్కకు 2 మి.గ్రా. అంటేనే మూడు ఆంప్యూళ్ళు దాటుతాయి. గేదెకు కిలోకు 0.1 మి.గ్రా. అనుకున్నా 40 మి.గ్రా., అరవైకి పైగా ఆంప్యూళ్ళు. డబ్బా నిండుగా లేకపోతే చికిత్స మధ్యలో ఆగుతుంది. కంటిపాప పెద్దదయ్యే దాకా కాదు, చొంగ, ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గే దాకా ఇవ్వాలి. పామ్ (ప్రాలిడాక్సిమ్) అనే విరుగుడును కిలోకు 20 మి.గ్రా. చొప్పున తొలి రోజే ఇవ్వాలి. ఒంటి మీది మందును సబ్బుతో కడగడం మరవరాదు, చేతికి గ్లవ్స్ ఉండాలి.

అదే పిడుదుల కోసం వాడే అమిత్రాజ్ మాత్రం వేరు. అందులో కుక్క మత్తుగా ఉంటుంది, గుండె నెమ్మదిస్తుంది, కంటిపాప పెద్దదవుతుంది. గుండె నెమ్మదించిందని అట్రోపిన్ ఇస్తే రక్తపోటు పెరిగి, పేగు కదలిక ఆగి, పరిస్థితి చెడుతుంది. దీని విరుగుడు యోహింబిన్, కిలోకు 0.1 మి.గ్రా. సిరలోకి నెమ్మదిగా. అందుకే యజమానిని మందు డబ్బా తెమ్మనాలి, కనీసం ఫోటో పంపమనాలి.

మూత్రం మూసుకుపోయిన మగపిల్లికి పొటాషియం పెరిగి ఉంటుంది కనుక రింగర్స్ లాక్టేట్ పడదన్న మాట ఇంకా వినిపిస్తుంది. లీటరుకు 4 అన్న ఆ కొద్దిపాటి పొటాషియం హాని చేయదు. అడ్డు తొలగించడం, ద్రవం ఇవ్వడం ముఖ్యం. గుండె లయ తప్పితే కాల్షియం గ్లూకోనేట్ ఇరవై ముప్పై నిమిషాల గడువు ఇస్తుంది, ఆ లోపు డెక్స్‌ట్రోజ్‌తో, అవసరమైతే ఇన్సులిన్‌తో పొటాషియాన్ని కణాల్లోకి పంపాలి.

మే నెలలో మిట్టమధ్యాహ్నం నడకకు తీసుకెళ్ళిన పగ్‌లు వడదెబ్బతో వస్తాయి. ఇంటి దగ్గరే ఒళ్ళు తడిపి, ఫ్యాన్ గాలి తగిలేలా తీసుకురమ్మని ఫోన్‌లోనే చెప్పాలి. ఉష్ణోగ్రత 103 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగగానే చల్లబరచడం ఆపాలి, లేకపోతే అది ఇంకా కిందికి జారుతుంది. జ్వరం మందులు, మెలాక్సికామ్ వంటివి ఇక్కడ పనిచేయవు, పైగా అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలకు చేటు.

మన చేతిలో వసతి లేనప్పుడు జంతువును నిలకడ చేసి నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకు గానీ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ పంపాలి. పంపేటప్పుడు ఏ ద్రవం ఎంత వెళ్ళిందో, ఏ మందు ఏ సమయానికి ఇచ్చామో కాగితం మీద రాసి చేతికివ్వాలి. కదపలేని పశువుల కోసం 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది.

ట్రేను ప్రతి నెలా ఒకటో తేదీన దించి చూడాలి. గడువు తేదీలతో పాటు రంగు కూడా చూడాలి: కిటికీ పక్కన ఎండకు ఉన్న అడ్రినలిన్ ముందు గులాబీ రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. అలాంటి ఆంప్యూల్‌ను గడువు ఇంకా ఏడాది ఉన్నా పారేయాలి.